వర్డ్‌ప్రెస్ టేబుల్ ఖాళీగా వస్తోందా? ప్లేస్‌హోల్డర్లు సరిచూడండి

డేటాబేస్ నుంచి వరుసలు తెచ్చి చూపించే టేబుల్ ఖాళీగా వస్తే, కోడ్ మార్చే ముందు డేటాబేస్‌కు చివరికి ఏ క్వెరీ (డేటాబేస్‌కు పంపే ఆదేశం) చేరిందో చూడండి. వర్డ్‌ప్రెస్ తరఫున డేటాబేస్‌తో మాట్లాడే డబ్ల్యూపీడీబీ ఆబ్జెక్ట్‌లోని లాస్ట్_క్వెరీ, లాస్ట్_ఎర్రర్ రెంటినీ క్వెరీ నడిచిన వెంటనే లాగ్‌లోకి రాయించండి. (క్వెరీలో విలువ వచ్చి చేరాల్సిన చోట పెట్టే గుర్తే ప్లేస్‌హోల్డర్: %ఎస్ మాటలకు, %డి పూర్ణసంఖ్యలకు, %ఐ టేబుల్, కాలమ్ పేర్లకు. కింద ఇవి ఉన్నచోట కోడ్‌లో ఉండేవి ఇంగ్లిష్ చిన్న అక్షరాలు.)

ప్లేస్‌హోల్డర్లలో విలువలు నింపే ప్రిపేర్ ఫంక్షన్ ఇచ్చే ఫలితాన్ని నేరుగా ప్రింట్ చేస్తే కంగారు పడతారు. 4.8.3 వెర్షన్ నుంచి అది % గుర్తు ఉన్నచోటల్లా మీసాల బ్రాకెట్లలో 64 అక్షరాల హ్యాష్ (గజిబిజి కోడ్) పెడుతుంది. అది తప్పు కాదు, క్వెరీ వెళ్లేముందు వర్డ్‌ప్రెస్సే తీసేస్తుంది. కానీ ఆ హ్యాష్ ప్రతి రిక్వెస్ట్‌కూ మారుతుంది. అందుకే ప్రిపేర్ చేసిన, % ఉన్న క్వెరీని దాచిపెట్టి తర్వాతి రిక్వెస్ట్‌లో నడిపితే ఒక్క వరుసా దొరకదు.

లాస్ట్_ఎర్రర్‌లో సింటాక్స్ తప్పు కనిపిస్తే టేబుల్ పేరు ఎలా ఇచ్చారో చూడండి. %ఎస్‌తో ఇస్తే దాని చుట్టూ కొటేషన్లు పడతాయి, అప్పుడది టేబుల్ పేరు కాదు, ఉత్త అక్షరాలు. 6.2 నుంచి పేర్ల కోసమే %ఐ ఉంది. %ఎస్ చుట్టూ మీరు విడిగా కొటేషన్లు పెట్టనక్కర్లేదు.

ఆర్డర్ బై పక్కన %ఎస్ పెడితే ఎర్రర్ కూడా రాదు, అసలు చిక్కు అదే. ప్రతి వరుసకూ ఒకే స్థిరమైన మాట మీద సార్టింగ్ జరుగుతుంది, అంటే జరగనట్టే. కాలమ్‌కు %ఐ వాడండి. ఆరోహణమా అవరోహణమా అన్నది ఏ ప్లేస్‌హోల్డర్‌తోనూ కుదరదు. వచ్చిన మాట ఆ రెంటిలో ఒకటేనా అని కోడ్‌లోనే సరిచూసి జోడించాలి.

మాటలో ఒక భాగం సరిపోయినా దొరికేలా లైక్‌తో వెతికేటప్పుడు క్రమం ముఖ్యం. వెతికే మాటను ముందు ఎస్క్_లైక్‌కు (% లాంటి గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చే ఫంక్షన్) ఇవ్వండి, తర్వాత రెండువైపులా % తగిలించండి, అప్పుడు విలువగా పంపండి. తారుమారైతే మీరు తగిలించిన % కూడా మామూలు అక్షరమైపోతుంది. క్వెరీలో లైక్ తర్వాత ఒట్టి %ఎస్ చాలు.

ఇచ్చిన విలువల్లో ఏదైనా సరే అని అడిగే ఇన్ జాబితాలో 3, 7, 12 ఐడీలను కామాలతో కలిపి ఒకే %డికి ఇస్తే మొదటి అంకె దగ్గరే ఆగి 3 మాత్రమే వెళ్తుంది. మూడు వరుసలకు బదులు ఒకటే వస్తోందంటే ఇదే. ఎన్ని విలువలో అన్ని %డిలు ఉండాలి. వాటిని పీహెచ్‌పీలోని ఎరే_ఫిల్, ఇంప్లోడ్‌లతో కట్టుకోండి. జాబితా ఖాళీ అయితే క్వెరీ నడపకండి, ఇన్ పక్కన ఖాళీ బ్రాకెట్లు మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు.

0042 లాంటి వస్తువు కోడ్‌ను %డితో పంపితే 42 అవుతుంది, కాబట్టి %ఎస్సే వాడాలి. నల్ (విలువే లేకపోవడం) పంపితే %ఎస్ దాన్ని ఖాళీ మాటగా, %డి సున్నాగా మారుస్తాయి. నల్ ఉన్న వరుసలు కావాలంటే ఈజ్ నల్ అని క్వెరీలోనే రాయండి.