కొత్త బిళ్ళ వేసుకున్నాక కాళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయా? అది వడదెబ్బ కాకపోవచ్చు

మే నెల. పాలకొల్లు దగ్గర మా పిన్నివాళ్ళ ఊరు. నేను వెళ్ళేసరికి పిన్ని మంచం మీద అటూ ఇటూ దొర్లుతోంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు విరేచనం అయిందట. "వడదెబ్బేనమ్మా, పొద్దున్నంతా డాబా మీద వడియాలు పెట్టింది" అంటూ బాబాయి మజ్జిగ తాగిస్తున్నారు. అది నిజమేననుకునేదాన్ని, పట్టీల చప్పుడు వినబడకపోతే. పిన్ని కుడికాలి పట్టీ మంచం పట్టెకి తగిలి టకటకమని ఆగకుండా మోగుతోంది. "నేనేం ఆడించట్లేదే అమ్మాయ్, అదే ఆడిపోతోంది" అంది.

పదేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. ఆ చప్పుడు విని నేను అడిగిన మొదటి మాట, "ఈరోజు కొత్త బిళ్ళ ఏదైనా వేసుకున్నావా?"

వేసుకుంది. మోకాళ్ళ నొప్పికి ఎవరో ఇస్తే భోజనం కాగానే ట్రమడాల్ ఉన్న బిళ్ళ ఒకటి వేసుకుంది. దిగులు తగ్గడానికి ఎస్సిటాలోప్రామ్ ఏడాదిగా వాడుతున్న సంగతి ఇచ్చినవాళ్ళకి చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు. ఆ రెండు మందులూ కలిసి, నరాల మధ్య కబుర్లు మోసే సెరొటోనిన్ అనే రసాయనం మరీ ఎక్కువైంది. దీన్ని సెరొటోనిన్ సిండ్రోమ్ అంటారు.

ఏం కనబడుతుంది?

మనిషి కుదురుగా ఉండలేడు. కంగారు, చేతుల వణుకు, చెమటలు, గుండె దడ, విరేచనాలు ఉంటాయి. కంటిపాపలు పెద్దవవుతాయి. ముదిరితే జ్వరం, అయోమయం, ఒళ్ళు బిగుసుకోవడం, ఫిట్స్. వీటిలో చాలావరకు వేరే జబ్బుల్లోనూ ఉంటాయి. దీన్ని బాగా పట్టిచ్చేది కాళ్ళే. పాదాన్ని చటుక్కున పైకి వంచి పట్టుకుంటే చీలమండ దగ్గర లయగా కొట్టుకుంటుంది. ఒక్కోసారి పిన్నికి అయినట్టు, ఎవరూ ముట్టుకోకుండానే కొట్టుకుంటుంది. డాక్టర్లు దీన్ని క్లోనస్ అంటారు.

రెండో గుర్తు టైము. కొత్త మందు మొదలుపెట్టినా, డోసు పెంచినా, సగం కంటే ఎక్కువమందిలో 6 గంటల లోపే, ఇంకొంతమందిలో 24 గంటల లోపు బయటపడుతుంది.

ఎందుకు వస్తుంది?

మన డెల్టాలో చేనుకి నీళ్ళు పెట్టడం అందరికీ తెలుసు కాబట్టి అలాగే చెప్తాను. బోదె నుంచి నీళ్ళు వస్తాయి, ఎక్కువైనవి తూము గుండా మురుగు కాలవలోకి పోతాయి. సెరొటోనిన్ కూడా నరాల మధ్యకి వస్తుంది, పని కాగానే వెనక్కి పోతుంది. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులు ఆ తూముని కొంత మూసి, కావలసినంత తడి నిలబెడతాయి. అది మంచిదే. కానీ ట్రమడాల్ కూడా అదే తూముని మూస్తుంది. రెండూ కలిస్తే చేను మునుగుతుంది. ఒంట్లోని సెరొటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, విరేచనాలు అందుకే.

ట్రమడాల్ ఒక్కటే కాదు. పొడిదగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్ట్రోమెథోర్ఫాన్, మైగ్రేన్‌కిచ్చే సుమాట్రిప్టాన్, మొండి టీబీకి వాడే లినెజోలిడ్, ఇవన్నీ డిప్రెషన్ మందులతో కలిస్తే ఇబ్బంది తేవచ్చు. అందరికీ రాదు, కానీ ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం. "మానేశాను కదా" అన్నా సరిపోదు. ఫ్లూఓక్సెటిన్ ఆపిన తర్వాత కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది.

దేనితో పొరబడతాం?

మన వైపు ముఖ్యంగా రెండింటితో. వడదెబ్బలో జ్వరం, అయోమయం ఉంటాయి గానీ, కాళ్ళు ఇలా లయగా కొట్టుకోవడం మామూలుగా ఉండదు. చేలో పురుగుమందు కొట్టి వచ్చినవాళ్ళకి చెమటలు, విరేచనాలు, కండరాల అదురు వస్తాయి. కానీ అక్కడ కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది. ఇక్కడ కంటిపాప పెద్దదవుతుంది. అయినా ఏది ఏమిటో తేల్చడం ఇంట్లో చేసే పని కాదు. చూసినది డాక్టరుకి చెప్పండి, చాలు.

ఏం చెయ్యాలి?

అనుమానం రాగానే తర్వాతి డోసు వెయ్యకండి. 108కి ఫోన్ చెయ్యండి, లేదా దొరికిన బండిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఉన్న బిళ్ళల స్ట్రిప్పులు, సిరప్పు సీసాలు అన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్ళండి. రక్తపరీక్షలో ఇది తేలదు, ఆ కవరే డాక్టరుకి దారి చూపిస్తుంది.

రెండు పనులు మాత్రం చెయ్యొద్దు. జ్వరం బిళ్ళ వేసి, తగ్గుతుందిలే అని కూర్చోవద్దు. ఈ వేడి ఆగకుండా బిగుసుకునే కండరాల్లోంచి వస్తుంది, పారాసెటమాల్‌తో పెద్దగా లొంగదు. ఇంకొకటి నన్ను బాగా బాధపెట్టేది: గాలి సోకిందనో పిచ్చెక్కిందనో కాళ్ళూ చేతులూ కట్టేయడం. కట్టేస్తే మనిషి ఇంకా గింజుకుంటాడు, వేడి ఇంకా పెరుగుతుంది. కండరాలు చితికి మూత్రం కొబ్బరిపీచు నానిన నీళ్ళ రంగుకి మారిందంటే కిడ్నీలు ప్రమాదంలో పడ్డట్టే.

ఆసుపత్రిలో కారణమైన మందులు ఆపి, సెలైన్ పెట్టి, కండరాలు నెమ్మదించడానికి డయాజెపామ్ లేదా లోరాజెపామ్ ఇస్తారు. అవసరమైతే సిప్రోహెప్టాడిన్ కూడా ఇస్తారు. పిల్లలకి ఆకలి పుట్టడానికిచ్చే సిరప్పుల్లో ఉండే మందే ఇది. అలాగని ఇంట్లో పొయ్యకండి. జ్వరం 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కండరాలని పూర్తిగా పడుకోబెట్టి, వెంటిలేటర్ మీద ఉంచి చల్లబరుస్తారు. త్వరగా తీసుకెళ్తే చాలామంది ఒక రోజులోనే తేరుకుంటారు. పిన్ని మర్నాడు సాయంత్రానికి కాఫీ అడిగింది.

ఇది చదివి భయపడి డిప్రెషన్ మందు మీ అంతట మీరు మానెయ్యకండి. చటుక్కున మానితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, పాత దిగులు మళ్ళీ రావడం జరుగుతాయి. పిన్నికి కూడా డాక్టరు చూసి ఎస్సిటాలోప్రామ్ మళ్ళీ మొదలుపెట్టారు, ఆపేసింది ట్రమడాల్‌నే. మెడికల్ షాపులో చెప్పాల్సింది ఒక్క ముక్క: "నేను ఫలానా మందు వాడుతున్నాను, దీంతో పడుతుందా?" దిగులుకి మందు వాడుతున్నామని నలుగురిలో చెప్పడానికి పిన్నికి మొహమాటం. అందుకే పేరూ డోసూ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఇప్పుడు దాన్ని ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుని, నోరు తెరవకుండా కౌంటరు మీద పెడుతుంది.