కొట్టేసిన వికలాంగ పెన్షన్ చివరికి ఎలా వచ్చిందంటే

నేవీ ఓడ ఇంజిన్ రూమ్‌లో పదిహేనేళ్లు చేశాను. వినికిడి లోపం 30 శాతమని తేల్చి కూడా, 'సర్వీసు వల్ల కాదు' అని ఒక్క ముక్కతో పెన్షన్ కొట్టేశారు. గాజువాకలో మా ఇంట్లో కుక్కర్ విజిల్ నాకు వినపడదు. మా ఆవిడ తిట్లు మాత్రం ఎలాగో వినిపిస్తాయి!

మహారాణిపేటలో ఈఎన్‌టీ డాక్టరుగారు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) తీయించి, 4000 హెర్ట్జ్ (కీచు శబ్దాల స్థాయి) దగ్గర గోతిలా దిగిన గీత మీద పెన్ను పెట్టారు. "ఇది హోరులో పనిచేసిన చెవండీ, వయసు వల్ల కాదు" అన్నారు. అదే రాసిచ్చారు.

ఆరు నెలల గడువులోపే అప్పీలు పెట్టాను. ఆ రిపోర్టుతోపాటు, చేరినప్పుడు చెవులు బాగున్నాయన్న మెడికల్ కాగితం, 2013 నాటి సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ తీర్పు జతచేశాను. చేరేటప్పుడు నమోదు కాని జబ్బు సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలని అందులో ఉంది.

మంజూరైంది. 30 శాతం లోపాన్ని పెన్షన్ కోసం 50 శాతంగా లెక్కకట్టారు.