అమెరికాలో చదువుకుంటూ స్కీ సీజన్ పాస్ ఎంచుకోవడం ఎలా

అమెరికాలోని స్కీ రిసార్టులు (మంచు కొండల మీద జారే ఆటకు ఏర్పాట్లున్న చోట్లు) రాబోయే శీతకాలానికి పనికొచ్చే సీజన్ పాస్‌లను మార్చి, ఏప్రిల్ నెలల్లోనే అన్నిటికంటే తక్కువ ధరకు అమ్మకానికి పెడతాయి. ఆ తరువాత ధర విడతలవారీగా పెరుగుతూ పోతుంది. పెద్ద పాస్‌ల అమ్మకం సాధారణంగా డిసెంబరు మొదట్లో ముగుస్తుంది. మంచు బాగా పడినా పడకపోయినా ముందే డబ్బు చేతికి రావాలన్నది రిసార్టుల లెక్క. అందుకే పాస్‌ను చవకగా ఉంచి, రోజువారీ టికెట్ ధరను ఆకాశానికి చేర్చాయి. కొలరాడోలోని వేల్ రిసార్టులో రద్దీ రోజున కౌంటరు దగ్గర కొనే ఒక్కరోజు లిఫ్ట్ టికెట్ (కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్టులు ఎక్కనిచ్చేది) 300 డాలర్లు దాటింది.

ఎం.ఎస్. చదవడానికి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఆగస్టులో వచ్చే విద్యార్థికి ఈ పద్ధతి వల్ల ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వసంతకాలపు తక్కువ ధర అప్పటికే దాటిపోయి ఉంటుంది. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే తరువాత ధర మళ్ళీ పెరుగుతుందని ప్రకటనలు వస్తూ ఉంటాయి. సీనియర్లు కూడా త్వరగా కొనమంటారు. అయినా మొదటి ఆగస్టులో పాస్ కొనవద్దనే నేను గట్టిగా చెబుతాను. మంచు మీద ఒక్కసారి కూడా నిలబడని మనిషికి ఆ ఆట నచ్చుతుందో లేదో, చలి ఏ మేరకు భరించగలడో, తొలి సెమిస్టరు అసైన్‌మెంట్ల మధ్య శనివారాలు మిగులుతాయో లేదో తెలిసే దారి లేదు. విద్యా రుణం మీద చదివేవారికైతే ఆ పాస్ ధర కూడా వడ్డీతో తీర్చవలసిన అప్పే అవుతుంది.

మొదటి శీతకాలాన్ని నేర్చుకోవడానికి కేటాయించండి. దాదాపు ప్రతి రిసార్టూ కొత్తవారి కోసం పాఠం, పరికరాల అద్దె, తక్కువ వాలు ఉన్న చోట తిరిగే లిఫ్ట్ టికెట్ కలిపి ఒకే ధరకు ఇస్తుంది. జనవరి నెలను దేశమంతటా స్కీయింగ్ నేర్చుకునే నెలగా జరుపుతారు కాబట్టి అప్పుడు ఇలాంటి ప్యాకేజీలు ఎక్కువగా కనిపిస్తాయి. దీనికి పేరున్న పెద్ద కొండ అక్కరలేదు, ఊరికి దగ్గరలోని చిన్న కొండ చాలు. బోస్టన్‌లో ఉన్నవారికి వచుసెట్, బఫెలోలో ఉన్నవారికి హాలిడే వ్యాలీ సుమారు గంట, గంటన్నర దూరంలో ఉన్నాయి. నేర్చుకునే మనిషి రోజంతా ఒకటి రెండు గ్రీన్ రన్‌ల (అన్నిటికంటే సులువైన జారుడు దారుల) మీదే తిరుగుతాడు కనుక మిగిలిన వంద రన్‌లకు డబ్బు కట్టడం వృథా. అలా కొన్నాళ్ళు గడిపాక ఆసక్తి నిలిచి, బ్లూ రన్‌లో (మధ్యస్థంగా కష్టమైన దారిలో) పడకుండా దిగగలుగుతుంటే, అప్పుడు ఏప్రిల్‌లో రెండో శీతకాలానికి పాస్ కొనండి. రెండేళ్ళ ఎం.ఎస్.లో విద్యార్థి రాయితీతో, తక్కువ ధరకు, పూర్తి సీజన్ వాడుకోగలిగే అవకాశం నిజానికి ఆ ఒక్కసారే వస్తుంది. పైగా కొన్ని రిసార్టులు వచ్చే ఏటి పాస్‌ను వసంతంలో కొన్నవారిని ఆ సీజన్‌లో మిగిలిన రోజులకు కూడా అనుమతిస్తాయి.

కొనడానికి కూర్చున్నప్పుడు రిసార్టుల జాబితా కంటే ముందు మీ యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌ను తెరవండి. విద్యార్థికి సెలవులు ఉండే రోజులకూ, తక్కువ ధర పాస్‌లు చెల్లని రోజులకూ చాలా దగ్గర పోలిక ఉంటుంది. చవక పాస్‌లకు బ్లాక్‌అవుట్ తేదీలు ఉంటాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉన్న వారం, జనవరి మూడో సోమవారం వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ దినం, ఫిబ్రవరి మూడో సోమవారం వచ్చే ప్రెసిడెంట్స్ డే, వాటి ముందున్న వారాంతాలు సాధారణంగా ఆ జాబితాలో ఉంటాయి. డిసెంబరు చివరి వారం తప్ప మరెప్పుడూ తీరిక దొరకని విద్యార్థి చవక పాస్ కొంటే డబ్బు పోగొట్టుకున్నట్టే. అయితే విద్యార్థికి ఉద్యోగస్తులకు లేని ఒక వెసులుబాటు ఉంది. పరీక్షలు ముగిసిన డిసెంబరు మధ్య భాగంలోనూ, తరగతులు తిరిగి మొదలుకాని జనవరి తొలి పనిదినాల్లోనూ పాస్ చెల్లుతుంది, లిఫ్టుల దగ్గర వరసలూ చిన్నవిగా ఉంటాయి. వారం మధ్యలో ఒక రోజు తరగతులు లేకుండా కోర్సులు ఎంచుకోగలిగితే, వారపు రోజులకు మాత్రమే చెల్లే మిడ్‌వీక్ పాస్ అన్నిటికంటే లాభం. ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి, నిజంగా కొండకు వెళ్ళగల రోజులకు గుర్తు పెట్టండి. పరీక్షల ముందు వారాన్నీ, ప్రాజెక్టు గడువులనూ నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి. చివరికి మిగిలిన సంఖ్యను బట్టే పాస్ ఏదో తేలుతుంది.

ఆ సంఖ్య మూడు, నాలుగుకు మించకపోతే సీజన్ పాస్ వద్దు. వేల్ రిసార్ట్స్ సంస్థ అమ్మే ఎపిక్ డే పాస్‌లో ఒకటి నుంచి ఏడు వరకు కావలసినన్ని రోజులు ఎంచుకోవచ్చు. ఆల్టెరా సంస్థ ఐకాన్ సెషన్ పాస్ కూడా ఇలా లెక్క ప్రకారం కొన్ని రోజులకే వస్తుంది. సీజన్ ఊపందుకోకముందే వీటిని కొనాలి. డల్లాస్‌లో చదువుతూ ఏడాదికి ఒకసారి స్నేహితులతో విమానంలో డెన్వర్ వెళ్ళివచ్చేవారికి ఇంతకు మించి అక్కరలేదు.

ఆరేడు రోజులు దాటితే సీజన్ పాస్‌ల మధ్య ఎంపిక మొదలవుతుంది. 2008లో వచ్చిన ఎపిక్ పాస్‌లో కొలరాడోలోని వేల్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, యూటాలోని పార్క్ సిటీ, వెర్మాంట్‌లోని స్టో వంటివి ఉన్నాయి. 2018లో వచ్చిన ఐకాన్ పాస్‌లో వింటర్ పార్క్, స్టీమ్‌బోట్, యూటాలోని సాలిట్యూడ్, కాలిఫోర్నియాలోని మామత్ వంటివి ఉన్నాయి. ఇక్కడ చాలామంది పొరపడే అంశం ఒకటుంది. పాస్‌లో పేరు ఉన్నంత మాత్రాన ఆ కొండకు ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చని కాదు. ఎపిక్‌లోనే చవక రకమైన ఎపిక్ లోకల్ పాస్‌తో వేల్, బీవర్ క్రీక్, కెనడాలోని విస్లర్ మూడింటికీ కలిపి పది రోజులే దొరుకుతాయి. ఐకాన్‌తో సాలిట్యూడ్‌కు పరిమితి లేకపోయినా, అదే లోయలో పైన ఉన్న బ్రైటన్‌కు కొన్ని రోజులే దొరుకుతాయి. కనుక మీరు తరచుగా వెళ్ళే ఒక్క కొండ విషయంలో ఆ పాస్ ఏమి ఇస్తుందో చదవండి. మిగతా పేర్లు చూసి మురిసిపోనవసరం లేదు. స్నోబోర్డ్ (రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టి జారేది) నేర్చుకున్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ కొండల మీదికి స్నోబోర్డులను అనుమతించరు.

ఈ రెండు పెద్ద పాస్‌ల ప్రచారంలో స్థానిక కొండల పాస్‌లు మరుగున పడిపోతున్నాయి. విద్యార్థికి చాలాసార్లు అవే మేలు. మోంటానాలోని బోజ్‌మన్‌లో చదివేవారికి ఊరి పక్కనే ఉన్న బ్రిడ్జర్ బౌల్ లాభాపేక్ష లేని సంస్థ. కొలరాడోలోని లవ్‌ల్యాండ్ ఏ పెద్ద సంస్థకూ చెందని కొండ. ఇలాంటి చోట్ల విద్యార్థి ధర ఎంతో ముందుగా కనుక్కోండి.

కొండ ఎంత గొప్పదైనా అక్కడికి చేరే దారి లేకపోతే పాస్ సొరుగులో ఉండిపోతుంది. డెన్వర్ నుంచి కొండలకు వెళ్ళే ఐ-70 రహదారి శనివారం ఉదయాన కార్లతో నిండిపోతుంది, తెల్లవారకముందే బయలుదేరినవారికే దారి సాఫీగా ఉంటుంది. సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఆ రహదారిలోని కొండ భాగంలో టైర్ల గాడి లోతు కనీసం అంగుళంలో పదహారో వంతులు మూడు ఉండాలన్న చట్టం ఉంది. స్నేహితుడి పాత కారు ఆ పరీక్షకు నిలుస్తుందో లేదో పాస్ కొనకముందే చూసుకోవాలి. కారు లేనివారు బస్సు, రైలు ఉన్న కొండనే ఎంచుకోవడం తెలివైన పని. బౌల్డర్ నుంచి ఎల్డోరాకు సిటీ బస్సు వెళుతుంది. డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్ కొండ పాదం దాకా సీజన్‌లో రైలు నడుస్తుంది. సాల్ట్ లేక్ సిటీ నుంచి కాటన్‌వుడ్ లోయల్లోని రిసార్టులకు స్కీ బస్సులు ఉన్నాయి.

ఇక లెక్క. పాస్ ధర 500 డాలర్లు, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే ఒక రోజు టికెట్ 110 డాలర్లు అనుకుందాం. ఐదో రోజుతో పాస్ డబ్బు తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది. కౌంటరు ధరతో పోల్చితే రెండో రోజుకే వచ్చినట్టు ఉంటుంది కానీ, మీరు ఎన్నడూ కట్టని ధరతో పోల్చుకోవడం సరికాదు. పాస్ ఉన్నా ప్రతిసారీ పెట్రోలులో వాటా, పార్కింగు, పరికరాల అద్దె, కొండ మీది భోజనం ఉండనే ఉంటాయి. అద్దె దుకాణంలో పరికరాలను సీజన్ మొత్తానికి ఒకేసారి తీసుకుంటే రోజువారీ అద్దె కంటే చాలా తక్కువ పడుతుంది. అన్నం, పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్ళడానికి సంకోచించకండి, చాలా లాడ్జిలలో సొంత భోజనం తినడానికి బల్లలు ఉంటాయి.

విద్యార్థి రాయితీకి ఎవరు అర్హులన్నది పాస్‌ను బట్టి మారుతుంది. కొన్ని పూర్తికాల విద్యార్థులకే ఇస్తాయి, కొన్ని వయోపరిమితి పెడతాయి, కొన్ని ఆ సెమిస్టరు నమోదు పత్రం అడుగుతాయి. డిసెంబరులో పట్టా పుచ్చుకోబోయేవారూ, ఓపీటీ (చదువు ముగిశాక కొంతకాలం పని చేయడానికి ఇచ్చే అనుమతి) మీదికి మారబోయేవారూ నిబంధనలోని తేదీని అక్షరం అక్షరం చదవాలి. వసంత సెమిస్టరులో వేరే రాష్ట్రంలో కో-ఆప్ (చదువులో భాగంగా చేసే ఉద్యోగం) వచ్చే అవకాశం ఉన్నవారు డబ్బు వాపసు నిబంధనలు చూడాలి. గాయమైతే ఎపిక్ కొంత డబ్బు వాపసు ఇస్తుంది. వాడని పాస్‌ను గడువులోగా వచ్చే ఏటికి మార్చుకునే వీలు ఐకాన్ కల్పించింది. వీటిలో ఏదీ ఆసుపత్రి ఖర్చు భరించదు. మోకాలి లిగమెంటు తెగితే ఆదుకునేది మీ విద్యార్థి ఆరోగ్య బీమాయే కనుక, దాని డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టేలోపు మీరే కట్టవలసిన మొత్తం) ఎంతో, కొండ ప్రాంతపు ఆసుపత్రి దాని నెట్‌వర్క్‌లో ఉందో లేదో పాస్ డబ్బు కట్టే రోజే చూసుకోండి.

పాస్ కార్డు చేతికి వచ్చాక దాన్ని జాకెట్ ఎడమ జేబులో ఒంటరిగా ఉంచండి. ఫోను పక్కన ఉంటే లిఫ్టు గేటు కార్డును చదవలేక మొరాయిస్తుంది. రూమ్మేటుకు మాత్రం ఒక్కరోజైనా ఇవ్వవద్దు. గేటు దాటగానే సిబ్బంది చేతిలోని తెర మీద మీ ఫోటో కనిపిస్తుంది. ముఖం కలవకపోతే పాస్ రద్దు కావడమే కాకుండా, వ్యవహారం పోలీసుల దాకా వెళ్ళవచ్చు. వీసా మీద ఉన్న విద్యార్థికి అది సీజన్ పోవడం కంటే చాలా పెద్ద కష్టం.