కొత్తగా కట్టిన ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువా? మళ్ళీ మొత్తం విప్పే ముందు ఇవి చూడండి

ఇంజన్ మొత్తం విప్పి బోరింగ్ చేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు వేసి బిగించాక స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు ఆరట్లేదు, లేదా చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉండి వేడెక్కాక ముల్లు కిందకి జారిపోతోంది. ముందు ఇంజన్ ఆపేయండి. రేస్ చేస్తే ఎక్కుతుందేమో చూద్దాం అనే ఆలోచనే వద్దు, ప్రెషర్ లేకుండా తిరిగితే బేరింగులు నిమిషాల్లో గీసుకుపోతాయి, వాటితో పాటు క్రాంక్ కూడా. స్టార్ట్ అయ్యాక పది సెకన్లలోపు లైటు ఆరాలి, ఆరకపోతే కీ తిప్పేయడమే.

ఆపేశాం కదా అని వెంటనే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పకండి. డాష్‌బోర్డు చెప్పేది నిజమేనా కాదా అన్నది ముందు తేలాలి. సెన్సర్ పాతది అయి ఉండొచ్చు, వైరు ఎక్కడో బాడీకి తగులుతూ ఉండొచ్చు. సెన్సర్ ఊడదీసి అదే కన్నంలో మెకానికల్ గేజ్ బిగించండి, కాకపోతే మర సైజు సరిగ్గా చూసుకుని అడాప్టర్ తెచ్చుకోండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా మరలు వేరు వేరు రకాలు, బలవంతంగా తిప్పితే బ్లాకులో మర పోతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) చొప్పున ఉంటే పర్లేదు అన్నది పాత మెకానిక్‌ల లెక్క, అసలు అంకె మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే. ఇంకోటి, చాలా బండ్లలో లైటు స్విచ్ 4 నుంచి 7 పీఎస్ఐ మధ్యలో ఎక్కడో పనిచేస్తుంది, అంటే లైటు ఆరిందంటే ప్రెషర్ సున్నా కాదని మాత్రమే, బాగుందని కాదు.

గేజ్ కూడా తక్కువే చూపిస్తే, ఎప్పుడు తక్కువ అవుతోందో గమనించండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

మొదటి నుంచీ సున్నానా? అయితే ఎక్కువసార్లు పంపు ఎండిపోయి ఉంటుంది. ఎండు గేర్లు ఆయిల్ పైకి లాగలేవు. పంపు లోపల వాసెలిన్ కూరి బిగించాలి, గ్రీజు వద్దు, అది ఆయిల్లో సరిగ్గా కరక్క దారులు మూసేస్తుంది. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, పెట్రోలు కట్ చేసి, మధ్యమధ్యలో స్టార్టర్‌కి గ్యాప్ ఇస్తూ క్రాంక్ చేయండి. అయినా ముల్లు కదలకపోతే ప్రెషర్ మరీ ఎక్కువైతే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ చూడాలి, బోరింగ్ పొడి ఒక్క రవ్వ ఇరుక్కున్నా దాని లోపలి చిన్న పిస్టన్ తెరుచుకునే ఉండిపోతుంది, ఆయిల్ అంతా అటునుంచి అటే వెనక్కి పోతుంది. ఇంకా అనుమానం ఉంటే గ్యాలరీ ప్లగ్గులు, అంటే బ్లాకులోని ఆయిల్ దారుల చివర్లు మూసే బిరడాలు. బ్లాకు కడిగించేటప్పుడు అవి తీస్తారు, తిరిగి పెట్టేటప్పుడు టైమింగ్ కవర్ వెనకాలది మర్చిపోతారు, బయటికి చుక్క కూడా కారదు, లోపలే సంప్‌లోకి పడిపోతుంది కాబట్టి ఎవరికీ తెలీదు.

ముల్లు వణుకుతూ, రేస్ చేసినప్పుడు పెరగాల్సింది పోయి పడిపోతుంటే పంపు గాలి పీలుస్తోంది. సంప్‌లోంచి పంపుకి ఆయిల్ తెచ్చే పికప్ ట్యూబు ఓ-రింగ్ బిగించేటప్పుడు తెగిందేమో, ట్యూబుకి పగులు ఉందేమో చూడండి. ట్యూబు చివరి జల్లెడ, అదే స్ట్రైనర్, సంప్ అడుగుకి మరీ ఆనుకుని ఉన్నా తంటానే, చాలా ఇంజన్లలో 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. సంప్‌కి సిలికాన్ దట్టంగా పూస్తే లోపలికి ఉబికిన ముక్కలు ఊడి స్ట్రైనర్ జాలీకి అతుక్కుంటాయి, ఇది మాత్రం చాలామంది చేతులారా తెచ్చుకునేది.

చల్లగా బాగుండి వేడెక్కాక పడిపోతే అసలు గొడవ ఇక్కడే, క్లియరెన్స్, అంటే బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య సందు. పంపు ఇచ్చేది ఆయిల్ ప్రవాహమే, ప్రెషర్ పుట్టేది ఆ ఆయిల్ బేరింగు సందుల్లోంచి కష్టంగా బయటికి రావాల్సి రావడం వల్ల. సందు రెండింతలైతే, మిగతావన్నీ అలాగే ఉంటే, కారేది దాదాపు ఎనిమిదింతలు అవుతుంది. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) 0.05 మిల్లీమీటర్లు దగ్గర్లో ఉండటం మామూలు. క్రాంక్‌ని 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజుకి (అంటే అంత సన్నగా) గ్రైండ్ చేసి, స్టాండర్డ్ బేరింగులు వేసేస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. బేరింగు వెనక సైజు గుద్ది ఉంటుంది, ప్యాకెట్ మీద రాసింది కాదు, ఆ గుద్దినదాన్నే నమ్మండి. తర్వాత ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టి క్యాపులు టార్క్‌కి బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, అది ఎంత వెడల్పుగా నలిగిందో చూడండి. ఈలోగా డిప్‌స్టిక్ కూడా వాసన చూడండి, పెట్రోలు కొడుతుంటే ఆయిల్ పల్చబడింది, బేరింగుల తప్పేం లేకపోవచ్చు.

ఆయిల్ ఎక్కువగా కారేది క్యామ్ బేరింగుల్లోనా, మెయిన్స్‌లోనా (క్రాంక్‌ని బ్లాకులో పట్టేవి), బిగ్ ఎండ్‌లోనా (కనెక్టింగ్ రాడ్డుల కింద ఉండేవి) అని తేలకపోతే నాకు బాగా నచ్చిన టెస్ట్ ఒకటుంది. సంప్ తీసేసి, ఆయిల్ పోసిన ప్రెషర్ డబ్బాని సెన్సర్ కన్నానికి కలిపి 40 పీఎస్ఐ గాలి ఇవ్వండి, కింద టార్చి పట్టుకుని చూస్తూ ఒకరి చేత క్రాంక్ మెల్లగా తిప్పించండి. ప్రతి బేరింగు అంచు నుంచీ చుక్కలు చుక్కలుగా రావాలి. ఒక్కచోట ధారలా కారితే దొంగ అక్కడే. ఎంత తిప్పినా ఒకచోట చుక్క కూడా రాకపోతే అది ఇంకా ప్రమాదం, కన్నం ఉన్న పై షెల్లు (బేరింగు సగం ముక్క) కిందకీ కిందది పైకీ వేసేశారని అనుమానించాలి, అలాంటప్పుడు గేజ్‌లో ప్రెషర్ బాగానే కనిపిస్తుంది కూడా. పికప్ నుంచి కొద్దిగా కారితే కంగారు పడొద్దు, అది పంపు గేర్ల సందులోంచి వెనక్కి వచ్చేది.

చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసేయండి, సర్దుకుంటుంది అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ముల్లు పైకి లేస్తుంది, నిజమే, సందు మాత్రం తగ్గదు. పెద్ద పంపు వేయడం కూడా అంతే.

కొంచెంసేపైనా తిరిగిన ఇంజన్ అయితే ఫిల్టర్ కోసి మడతలు విప్పి ఎండలో చూడండి. కొత్తలో సన్నటి పొడి మామూలే. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగు పై పొర పోయినట్టే, ఇక గేజ్ చూస్తూ కూర్చోకుండా క్యాపులు విప్పాల్సిందే. అంతా సరిచేశాక కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి మళ్ళీ ముందులాగే స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ ఎక్కించి (ప్రైమ్ చేసి), మెకానికల్ గేజ్ తీయకుండానే నడపండి, బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఎంత, 3000 ఆర్‌పీఎంలో ఎంత అన్నది రాసి పెట్టుకున్నాకే సెన్సర్ తిరిగి బిగించండి.