ఇద్దరూ కలిసి దేశదేశాల ఇంటి వంటలు వండుకోవడం ఎలా?

అలసిన రోజున ఊరటనిచ్చే వంటలలో చాలావాటికి అరుదైన దినుసులకన్నా ఓపికే ఎక్కువ అవసరం. అందువల్ల భార్యాభర్తలు కలిసి వండదలచుకున్నప్పుడు ఒక పూటకు ఒక్క వంటకమే పెట్టుకోవడం మేలు. పని పంచుకోవడం తేలికే కానీ, ఉప్పు ఎవరు వేయాలో, మంట ఎవరి చేతిలో ఉండాలో ముందే అనుకోకపోతే ఉప్పు రెండుసార్లు పడుతుంది, మంట అవసరం లేకుండా పెరుగుతుంది.

మొదట ఫ్రాన్స్‌లో పేరున్న ఉల్లిపాయల సూప్ ప్రయత్నించండి. ఇద్దరికి నాలుగు పెద్ద ఉల్లిపాయలు, 30 గ్రాముల వెన్న, 700 మిల్లీలీటర్ల స్టాక్ (మాంసం లేదా కూరగాయలు ఉడికించి వడగట్టిన నీరు) సరిపోతాయి. ఒకరు ఉల్లిపాయలను ఒకే మందంలో చీలికలుగా తరగాలి; ముక్కలు హెచ్చుతగ్గులుగా ఉంటే మందమైనవి మెత్తబడేలోగా సన్ననివి మాడిపోతాయి. రెండోవారు మందపాటి అడుగున్న గిన్నెలో వెన్న కరిగించి, ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు వేసి, పది నిమిషాలు మూతపెట్టి మగ్గనివ్వాలి. ఆ తరువాత మూత తీసి, సన్నని సెగమీద 45 నిమిషాల నుంచి గంట వరకు కలుపుతూ ఉండాలి. ఈ గంటలోనే సూప్ రుచి తేలిపోతుంది. ఒకరికి చేయి నొప్పి పుట్టినప్పుడు రెండోవారు గరిటె అందుకోవచ్చు కానీ, త్వరగా ముగించాలని మంట పెంచితే ఉల్లిపాయల్లోని చక్కెర మాడి చేదెక్కుతుంది. అడుగున గోధుమరంగు పొర పడితే చెంచాడు నీళ్లు చల్లి గీరి కలిపేయండి; రుచి అక్కడే ఉంటుంది.

ఉల్లిపాయలు ముదురు గోధుమరంగుకు వచ్చాక చెంచాడు మైదా చల్లి, నిమిషంపాటు వేయించి, స్టాక్ పోసి అరగంట మరగనివ్వాలి. ఈలోగా రెండోవారు బ్రెడ్ ముక్కలను కరకరలాడేలా కాల్చి, గ్రూయేర్ చీజ్ తురిమి ఉంచాలి. ఓవెన్ వేడికి తట్టుకునే గిన్నెల్లో సూప్ పోసి, పైన బ్రెడ్, చీజ్ వేసి, చీజ్ బుడగలు వచ్చేవరకు ఓవెన్ పైసెగకు పెట్టండి. ఓవెన్ లేకపోతే మూతపెట్టిన పెనంమీద బ్రెడ్ పైనే చీజ్ కరిగించి, దాన్ని సూప్‌లో తేల్చవచ్చు.

ఇటలీవారి చిక్కని అన్నపు వంటకమైన రిసోట్టోకు ఇంత సమయం పట్టదు కానీ, పొయ్యి దగ్గర ఉన్నవారు కదలకూడదు. ఇద్దరికి ఆర్బోరియో అనే పొట్టి, లావు గింజల బియ్యం 160 గ్రాములు తీసుకోండి. చిక్కదనం గింజపైనున్న పిండిపదార్థం నుంచే వస్తుంది కనుక వాటిని కడగకూడదు. వెన్నలో రెండు నిమిషాలు వేయించి, పక్క పొయ్యిమీద కాగుతున్న స్టాక్‌ను గరిటెడు గరిటెడుగా పోస్తూ దాదాపు 18 నిమిషాలు ఉడికించి, దించాక వెన్న, పార్మెజాన్ చీజ్ కలపాలి. ఆగితే బిగుసుకుపోతుంది కాబట్టి, రెండోవారు అప్పటికే పళ్లేలు సిద్ధం చేసి ఉండాలి.

ఒంట్లో బాగోనప్పుడు జపాన్‌వారు వండుకునే ఒకాయు అనే బియ్యపు గంజికి ఒక్కరు చాలు. కడిగిన కప్పు బియ్యానికి ఐదు కప్పుల నీళ్లు పోసి, అరగంట నానబెట్టి, ఒక పొంగు రాగానే ఒకసారి కలిపి, మూత కొంచెం ఓరగా పెట్టి, బాగా తగ్గించిన సెగమీద 30 నుంచి 40 నిమిషాలు ఉడికించాలి. మాటిమాటికీ కలిపితే జిగురవుతుంది. ఉప్పు చివర్లో వేయండి. నిలవుంటే గట్టిపడుతుంది కనుక, మళ్లీ వేడిచేసేటప్పుడు కాసిని నీళ్లు కలుపుకోవాలి.