ముత్తాతల్ని వెతకాలంటే ముందు మాన్యం వెతకండి

మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. మా తాతకు తాత ఊరి గుళ్లో నాదస్వరం వాయించేవాడు. జమీందారు కాదు, దివానూ కాదు. అయినా 1860ల నాటి ఇనాం రిజిస్టర్లో (ఇనాం అంటే పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో ఇచ్చిన మాన్యం భూమి) పేరు, వయసు, మాన్యం విస్తీర్ణంతో సహా దొరికాడు. "మనలాంటోళ్ల పేర్లు దొరల కాగితాల్లో ఎందుకుంటాయి?" అని మా ఇంట్లో వాళ్లే ముందు నవ్వారు. ఉంటాయి. ఎక్కడ చూడాలో తెలియాలి, అంతే.

ఆఫీసులకు పోయే ముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. "తాత ఏ సంవత్సరంలో పుట్టాడు?" అంటే ఎవరూ చెప్పలేరు. "కరువుకు ముందా, తర్వాతా?" అనండి, అప్పుడు మాట కదులుతుంది. మా మేనత్త "ధాత కరువుకి మీ ముత్తాత చంకబిడ్డ అంట" అన్న ఒక్క ముక్కతో నాకు సగం పని అయిపోయింది. ధాత అంటే 1876. అంతకు ముందు తరానికి నందన కరువు ఉంది, అది 1832-33. మన వైపు 1927 గాలివాన కూడా పనికొస్తుంది. ఒక జాగ్రత్త: తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి 1936 కూడా ధాతే. మనిషి వయసుతో సరిచూసుకోండి. తద్దినం పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు మంత్రంతోనే వస్తాయి, అవి ముందు రాసుకోండి. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు గనుక పెద వెంకయ్య, చిన వెంకయ్య కలిసిపోకుండా ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు ఉండాలి.

తర్వాత ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో చూసుకోండి. ఇక్కడే చాలామంది తప్పిపోతారు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు. కందుకూరు 1970 దాకా నెల్లూరు, ఆపైన ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. మార్కాపురం వాళ్లయితే పాత కాగితాలకు కర్నూలు వైపు చూడాలి.

ఇక అసలు సంగతి. కంపెనీ పాలన పోయే రోజుల్లో, 1858లో, మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా మాన్యాలు ఎవరివి, ఎందుకిచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు అని విచారించి రిజిస్టర్లు రాయించింది. బ్రాహ్మల అగ్రహారాలే కాదు, గుళ్లో భజంత్రీలు, మంగలి, వడ్రంగి, కుమ్మరి, తలారి మాన్యాలు కూడా అందులో ఉంటాయి. పేరు, వయసు, మొదట మాన్యం పొందినవాడికి ఏమవుతాడు అనే గడి కూడా ఉంటుంది. ఆ ఒక్క గడితో ఇంకో తరం పైకెక్కొచ్చు. దీన్నే ఐ.ఎఫ్.ఆర్., అంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటారు. నకలు కోసం కలెక్టరేట్ రికార్డు రూములో అర్జీ పెట్టండి. గుడి మాన్యమైతే దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద ఆ శాఖ వాళ్లు ఉంచే ఆస్తుల రిజిస్టర్ (43 రిజిస్టర్ అంటారు) కూడా చూడండి. ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనబడితే 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

వెంకటగిరి జమీలాంటి ఊళ్లలో రైతుల కథ వేరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అక్కడ ప్రభుత్వ సెటిల్‌మెంటు (ఏ భూమి ఎవరిది, శిస్తు ఎంత అని తేల్చడం) జరిగింది. అంతకు ముందువి జమీందారు ఇచ్చిన పట్టా, రైతు రాసిచ్చిన ముచ్చిలికలే. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంటే మీ అదృష్టం.

ఇనాం రిజిస్టర్లో ఆడవాళ్లు అరుదు. వాళ్ల కోసం సబ్ రిజిస్ట్రారాఫీసుకి పోవాలి. కంప్యూటర్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన దస్తావేజుల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుదానికి పాత ఇండెక్సు తీయించాలి. ఒకటో నంబరు ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఊరి ఆస్తులతో ఉంటుంది. అమ్మకాల మీదే పడిపోకండి. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిన పొలం, విధవరాలికి మనోవర్తి (బతుకు ఖర్చు) దస్తావేజు, "మైనరు గార్డియను తల్లి" అన్న మాట, ఇవి వెతకండి. మా ముత్తవ్వ పేరు మాకు ఒక మనోవర్తి కాగితంలోనే దొరికింది. సంతకం చోట బొటనవేలి ముద్ర, పక్కన "నిశాని" అని దస్తూరి రాసినవాడి చేతిరాత. కింద సాక్షుల్ని కూడా రాసుకోండి. ఆ ముగ్గురిలో ఒకడు ఆవిడ అన్న అని తర్వాత తేలింది. ఆ గొలుసుకట్టు రాత మనకు చదవరాదు, రిటైరైన దస్తావేజు లేఖరి ఒకాయన్ని పట్టుకోండి. టీ తాగిస్తే గంటలో చదివి పెడతారు.

పూర్వీకులు క్రైస్తవంలోకి వెళ్లినవారైతే చర్చి రిజిస్టర్లు అడగండి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరుకి, 1866లో ఒంగోలుకి వచ్చింది. ధాత కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు" అనే మాట ఇంట్లో వినబడితే దక్షిణాఫ్రికాలోని నాతాల్‌కీ, ఫిజీకీ కూలికి పోయినవాళ్ల ఎమిగ్రేషన్ పాసులు చూడండి. వాటిలో తండ్రి పేరు, తాలూకా, ఊరు, కులంతో పాటు ఒంటి మీద మచ్చలు కూడా రాసేవారు.

ఏది దొరికినా నకలు వెనక వాల్యూము, పేజీ, దస్తావేజు నంబరు, సంవత్సరం అక్కడికక్కడే పెన్సిల్‌తో వేసుకోండి. మళ్లీ అదే కట్ట తీసిపెట్టమంటే రికార్డు రూములో ఎవరూ ఒప్పుకోరు.