స్కాన్ అయింది, డాక్టర్ స్క్రీన్ మీద ఇమేజ్‌లు లేవు: ఎక్కడ వెతకాలి?

సీటీ గదిలో స్కాన్ పూర్తయి గంట దాటింది. వార్డులో డాక్టరు కంప్యూటర్ తెరిస్తే ఇమేజ్‌లు లేవు. టెన్షన్‌లో ఎవరో ఒకరు "మళ్లీ తీసేద్దాం" అంటారు. దయచేసి ఒప్పుకోకండి. మళ్లీ తీయడమంటే పేషెంటు ఒంటికి ఇంకో డోసు రేడియేషన్. ఇమేజ్‌లు చాలాసార్లు పోవు, దారిలో ఎక్కడో ఆగి ఉంటాయి.

ముందు ఆ దారి తెలియాలి. కౌంటర్‌లో పేరు రాసుకునే హెచ్‌ఐఎస్, రేడియాలజీ ఆర్డర్లు చూసుకునే ఆర్‌ఐఎస్, స్కానర్, ఇమేజ్‌లు దాచే ప్యాక్స్: ఇవి తరచుగా నాలుగు వేర్వేరు కంపెనీలవి. ఆర్డరు హెచ్‌ఎల్7 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) మెసేజ్‌గా హెచ్‌ఐఎస్ నుంచి ఆర్‌ఐఎస్‌కి వెళ్తుంది. స్కానర్ డైకామ్ (మెడికల్ ఇమేజ్‌ల ప్రమాణం) పద్ధతిలో ఆరోజు వర్క్‌లిస్ట్‌ను, అంటే తీయాల్సిన స్కాన్ల జాబితాను, అడిగి తెచ్చుకుంటుంది, స్కాన్ అయ్యాక ఇమేజ్‌లను ప్యాక్స్‌కి పంపుతుంది. వీటన్నిటినీ కలిపే దారం యాక్సెషన్ నంబర్, అంటే ఆ ఒక్క ఆర్డరుకు సాధారణంగా ఆర్‌ఐఎస్ ఇచ్చే నంబరు. నేను మొదట చూసేది దాన్నే.

సమస్య: ఇమేజ్‌లు ప్యాక్స్‌లో ఉన్నాయి, ఆర్డరు కింద కనిపించవు

పేరుతో వెతక్కండి. తేదీ, మెషీన్‌తో వెతకండి. దొరికిన స్టడీలో (ఒక స్కాన్ ఇమేజ్‌లన్నీ కలిపి ఒక స్టడీ) యాక్సెషన్ నంబర్ ఖాళీగానో, ఒక అంకె తప్పుగానో ఉంటే వివరాలను చేత్తో టైప్ చేశారన్నమాట. ప్యాక్స్ అడ్మిన్ ఆ స్టడీని సరైన ఆర్డరుకు కలపవచ్చు. అయితే స్కాన్ టైము, శరీర భాగం, టెక్నీషియన్ మాట, మూడూ సరిపోయాకే కలపాలి. పొరబడితే ఒకరి మెదడులోని రక్తస్రావం ఇంకొకరి ఫైల్లో చేరుతుంది.

టెక్నీషియన్‌ను తిట్టవద్దు. టేబుల్ మీద పేషెంటు ఉన్నారు, వర్క్‌లిస్ట్ ఖాళీగా వచ్చింది, ఆయన మాత్రం ఏం చేస్తారు? అసలు జబ్బు ఆ ఖాళీ వర్క్‌లిస్ట్. పాత స్కానర్ తీసి కొత్తది పెట్టినప్పుడు ఆర్‌ఐఎస్‌లో పాత ఏఈ టైటిల్, అంటే డైకామ్‌లో ఆ మెషీన్‌ను గుర్తుపట్టే పేరు, మిగిలిపోతుంది. ఈ పేరు 16 అక్షరాలకు మించకూడదు, చిన్న అక్షరం పెద్ద అక్షరం తేడా ఉన్నా కుదరదు. ఎక్స్‌రేలో ఇంకో మెలిక ఉంది: క్యాసెట్ పద్ధతి పోయి డిజిటల్ మెషీన్ వస్తే అది డీఎక్స్ (డిజిటల్ ఎక్స్‌రే కోడ్) అని అడుగుతుంది, ఆర్డర్లు ఇంకా సీఆర్ (క్యాసెట్ పద్ధతి కోడ్) అనే పుడుతుంటాయి. రెండువైపులా కోడ్ ఒకటి చేస్తే లిస్ట్ వచ్చేస్తుంది. మెషీన్ గడియారం కూడా చూడండి. తేదీ వెనకబడితే అది నిన్నటి లిస్ట్ అడుగుతుంది.

సమస్య: ఇమేజ్‌లు స్కానర్ దాటి రాలేదు

స్కానర్ నుంచి ప్యాక్స్‌కి సీ-ఎకో, అంటే డైకామ్ కనెక్షన్ పరీక్ష, పంపండి. పింగ్ (మామూలు నెట్‌వర్క్ పరీక్ష) వెళ్లి ఎకో విఫలమైతే పోర్టు (సాధారణంగా 104 లేదా 11112), ఏఈ టైటిల్, ఫైర్‌వాల్ చూడాలి. ఎకో బాగుండి ఇమేజ్‌లు మాత్రం వెళ్లకపోతే ప్యాక్స్ డిస్క్ నిండిందేమో, ఆ రకం ఇమేజ్‌ను అది ఒప్పుకోవడం లేదేమో లాగ్‌లో తెలుస్తుంది. ప్యాక్స్‌లో చేరాయని నిర్ధారణ అయ్యేదాకా స్కానర్‌లోవి డిలీట్ చేయకండి.

సమస్య: ఒకే మనిషి, రెండు రికార్డులు

అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వస్తుంది. పేరు తెలియదు, తాత్కాలిక నంబరుతో స్కాన్ తీస్తారు. పొద్దున బంధువులొచ్చాక కౌంటర్‌లో రెండు రికార్డులనూ ఒకటి చేస్తారు. ఆ మార్పు ఏ40 అనే మెర్జ్ మెసేజ్‌గా అన్ని చోట్లకూ వెళ్లాలి. చాలాసార్లు ఆర్‌ఐఎస్ దాకా వెళ్లి ప్యాక్స్‌కి వెళ్లదు, ఎందుకంటే ఆ లైను ఎవరూ కలపలేదు. ఏఏ (మెసేజ్ అంగీకరించాం) అని జవాబు వచ్చింది కదా అని వదిలేయకండి. మధ్యలో మెసేజ్‌లు చేరవేసే ఇంటర్‌ఫేస్ ఇంజిన్ మెసేజ్ తీసుకున్నానని చెప్పిందేమో, ప్యాక్స్ మార్చుకున్నట్టు కాదు. ఒక టెస్ట్ పేషెంటును సృష్టించి, మెర్జ్ చేసి, ప్యాక్స్ తెరిచి కళ్లారా చూడండి. ఐహెచ్‌ఈ (ఆసుపత్రి సిస్టమ్‌లు కలిసి పనిచేసేలా పద్ధతులు రాసే సంస్థ) ఈ పరిస్థితి కోసమే పేషెంట్ ఇన్ఫర్మేషన్ రికన్సిలియేషన్ అనే ప్రొఫైల్ రాసింది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అది ఉందా అని అడగండి.

పేరును మాత్రం నమ్ముకోవద్దు. డైకామ్ ఇంటిపేరును, అసలు పేరును విడిగా రాస్తుంది. మనం ఇనీషియల్ ఒకసారి ముందు, ఒకసారి వెనక రాస్తాం. రెండూ కలవవు. పేరు తెలుగు లిపిలో ఉండి ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే క్యారెక్టర్ సెట్‌ను (అక్షరాలను కంప్యూటర్‌లో రాసే కోడ్) ఐఎస్‌ఓ_ఐఆర్ 192కి మార్చాలి, అది యూటీఎఫ్-8.

వర్క్‌లిస్ట్ సర్వర్ ఆగిన రోజు కోసం ఆర్డర్ చీటీ మీద యాక్సెషన్ నంబర్ బార్‌కోడ్ ప్రింట్ చేయించి, స్కానర్ కన్సోల్ పక్కన రీడర్ పెట్టించండి.